బాత్రూమ్ నేనే చేసుకున్నాను: ఏ సరుకు నిలబడింది, ఏది ఏడిపించింది

మా ఇంట్లో చిన్న బాత్రూమ్ పని ముగిసి ఏడాది దాటింది. ఈ రివ్యూ ఇంత ఆలస్యంగా రాయడం కావాలనే. పని అయిన రోజు ఫొటో తీస్తే ఎవరు చేసిన బాత్రూమ్ అయినా మెరిసిపోతుంది, అసలు పరీక్ష మర్నాటి నుంచి నీళ్ళు పెడతాయి. రోజూ తడిసి, ఆరి, సబ్బు జిడ్డు పట్టి, బ్రష్షుతో రుద్దించుకుని, ఇవన్నీ అయ్యాక ఏం మిగిలిందో చూసి మార్కులు వేద్దామని ఆగాను.

గది 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు. అంతే. అందులోనే కమోడ్, వాష్‌బేసిన్, షవర్. పాత టైల్స్‌ని వేలి కణుపుతో కొడితే సగం గుల్లగా మోగేవి, గోడ అవతలివైపు పెయింటు పొక్కులు లేచి రాలేది. మేస్త్రీని పిలవకుండా మనమే చేస్తే ఏం పోయింది అనే దురద నాకు పుట్టింది, దాన్ని ఎగదోసినవాడు మా బావమరిది. కరెంటు పని మాత్రం ముట్టుకోలేదు. గీజర్ లైను, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ట్రిప్ అయ్యే ఆర్‌సీడీ అనే రక్షణ స్విచ్చి బిగించడం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే వదిలేశాను, తడి గదిలో కరెంటుతో ప్రయోగాలు చేసేంత సరదా నాకు లేదు. పైపులు ప్లంబర్ చేత మార్పించి, గోడ మూసేముందు ప్రెజర్ టెస్ట్ పెట్టించాను. పగలగొట్టడం, వాటర్‌ప్రూఫింగ్, టైల్స్, వాటి సందులు నింపే గ్రౌట్, మూలలు మూసే సాగే సిలికాన్, కమోడ్ బిగించడం మేమిద్దరమే.

కంపెనీల పేర్లు రాయను. ఒకటి, ఇలాంటి సరుకు ఏ కంపెనీది తీసుకున్నా లోపలి కెమిస్ట్రీ ఇంచుమించు ఒకటే. రెండు, నాకు జరిగిన నష్టాల్లో ముప్పాతిక నా తప్పే, దానికి ఎవరినో తిట్టడం న్యాయం కాదు. ఈ ప్యాకెట్లన్నిటి వెనకా చిన్న అక్షరాల్లో ఒక గడియారం ఉంటుంది: కలిపాక ఇన్ని నిమిషాల్లో వాడెయ్యాలి, పూశాక ఇన్ని గంటలు ముట్టుకోకూడదు అని. ఆ అక్షరాలు చదివి ఆగిన చోట పని నిలిచింది. చదవకుండా తోసుకుపోయిన చోట అదే పని రెండుసార్లు చేశాను. కింద రాసేదంతా దాదాపు ఈ ఒక్క గొడవే.

పగలగొట్టడం గురించి ఎక్కువ చెప్పను. పాత టైల్స్ మీదే కొత్తవి అతికించే గమ్ దొరుకుతుంది, మొదట అదే అనుకున్నాను. కానీ కింది టైల్ గుల్లగా ఉంటే పైన ఎంత గొప్ప గమ్ పూసినా అది ఆ గుల్ల టైల్‌నే పట్టుకుని వేలాడుతుంది కదా. పైగా నేల ఎత్తు పెరిగి తలుపు అడుగంచు రాసుకుంటుంది. అందుకని మొత్తం పీకేశాం. ఇంత బుల్లి గదిలోంచి సగం సగం నింపిన బస్తాలు నలభై పైచిలుకు వచ్చాయి, మోసేటప్పుడు తెలిసింది సిమెంటు బరువేంటో. పగలగొట్టే బ్రేకర్ మెషీన్ అద్దెకి తెచ్చుకోండి, ఉలీ సుత్తీ పెట్టుకుని వీరత్వం చూపించకండి. ఒక్క మాట మాత్రం సీరియస్‌గా: టైల్స్‌లో, కాంక్రీటులో ఉండే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 1997లోనే క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది. ముక్కుకి చేతిరుమాలు కట్టుకుంటే చాలదు, ఎన్95 స్థాయి మాస్కు ఉండాలి, కోసేటప్పుడు నీళ్ళు చిలకరిస్తూ కొయ్యాలి.

ఇక అసలు విషయం, వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్. నేను తీసుకున్నది రెండు భాగాల రకం, డబ్బాలో పాలలా ఉండే పాలిమర్ ద్రవం, సంచిలో సిమెంటు పొడి. ద్రవంలోకి పొడి కొద్దికొద్దిగా వేస్తూ డ్రిల్లుకి బిగించే తిప్పుడు కాడతో కలపాలి. నేను తిరగేసి, పొడిలో ద్రవం పోసి కలిపాను, ఉండలు కట్టింది, మొదటి విడత అలా పోయింది. నేల, గోడలు పొడిగా ఉండకూడదు. ఇది చాలామందికి వింతగా అనిపిస్తుంది, వాటర్‌ప్రూఫింగ్‌కి ముందు తడపడమేంటి అని. ఎండిన కాంక్రీటు దాహంగా ఉంటుంది, కోటింగ్‌లో ఉన్న నీళ్ళన్నీ లాగేసుకుంటుంది, అప్పుడు కోటింగ్ సరిగా గట్టిపడక గోరుతో గీరితే పొడి రాలుతుంది. కాబట్టి బాగా తడిపి, పైన నిలిచిన నీళ్ళు స్పాంజితో ఎత్తేసి, చెమ్మ మాత్రం ఉండగా పుయ్యాలి.

అంతకంటే ముందు వాలు. నేల వాలు టైల్స్ వేసేటప్పుడు చూసుకుందాంలే అనుకునేవాళ్ళున్నారు, నేనూ అందులో ఒకణ్ణి. తప్పు. టైల్స్ సందుల్లోంచి కొంచెమో గొప్పో నీళ్ళు దిగుతూనే ఉంటాయి, అవి కిందున్న కోటింగ్ మీదికి చేరాక కూడా నీళ్ళు పోయే జాలీ వైపే పారాలి. అంటే కోటింగ్ కింద ఉండే సిమెంటు గచ్చుకే వాలు ఉండాలి. మీటరుకి 15 నుంచి 20 మిల్లీమీటర్లు చాలు. రసమట్టం పెట్టి, దాని కింద ఆ మందం చెక్క ముక్క పెట్టి చూసుకుంటూ పోయాను. ఈ పని బాగానే వచ్చింది, ఒక్క చోట తప్ప. దాని సంగతి చివర్లో చెప్తాను.

నేలా గోడా కలిసే మూల దగ్గర సిమెంటుతో చిన్న గుండ్రటి వంపు ఇచ్చి, దాని మీద కోటింగ్ పూసి, తడి మీదే ఫైబర్ గుడ్డ పట్టీ అద్ది, పైన మళ్ళీ పుయ్యాలి. గోడలూ నేలా రవ్వంత కదిలితే అది తెలిసేది మూలల దగ్గరే. మొదటి కోటు నిలువుగా, రెండోది అడ్డంగా. నా డబ్బా మీద రెండు కోట్ల మధ్య 4 నుంచి 6 గంటలు అని ఉంది. మూలలో లీకు భయంతో నేను ఒకేసారి మందంగా మెత్తేశాను, పొద్దున్న లేచి టార్చి వేసి చూస్తే వెంట్రుకంత పగుళ్ళు. మందంగా పూస్తే బలం అనుకుంటాం కానీ ఇది పలచగా రెండుసార్లు పడితేనే పని చేస్తుంది, మందం ఎక్కువైతే ఆరేటప్పుడు ముడుచుకుని చీలుతుంది. గీకేసి, మళ్ళీ పట్టీ వేసి, మళ్ళీ రెండు కోట్లు. కనీసం అడుగు ఎత్తు దాకా అన్ని గోడలకీ, షవర్ పడే గోడకి మాత్రం ఆరడుగుల దాకా వేశాను.

తర్వాత నీళ్ళు నిలబెట్టే పరీక్ష. దీన్ని దాటవేసి టైల్స్ వేసేవాళ్ళకి దండం. నీళ్ళు పోయే కన్నానికి రబ్బరు బిరడా బిగించి, గదిలో రెండంగుళాలు నీళ్ళు నింపి, గోడ మీద పెన్సిల్ గీత గీసి, 48 గంటలు వదిలెయ్యాలి. మర్నాడు సాయంత్రానికి నీళ్ళు గీతకి వేలి మందం కిందికి దిగాయి. నా గుండె అంతకంటే కిందికి దిగింది. "ఆవిరైపోయి ఉంటాయి బావా" అన్నాడు మావాడు ధైర్యం చెబుతూ. అది నిజమో కాదో తేల్చడానికి ఒక ఉపాయం చేశాం. ఒక బకెట్‌లో నీళ్ళు పోసి, దానికీ గీత పెట్టి, అదే గదిలో ఉంచాం. ఆవిరైతే రెండు చోట్లా ఒకేలా తగ్గాలి. బకెట్‌లో అగ్గిపుల్ల మందం కూడా తగ్గలేదు, గదిలో మళ్ళీ వేలి మందం తగ్గింది. అంటే లీకే. ఎక్కడా అని వెతికితే కోటింగ్ కాదు, బిరడా. దాని అంచున సిమెంటు రేణువు ఒకటి ఇరుక్కుంది. తుడిచి మళ్ళీ బిగించి ఇంకో రెండు రోజులు చూస్తే బకెట్టూ గదీ సమానం. ఆ రెండు రోజుల టెన్షన్ మాత్రం మర్చిపోలేను. ఏడాది తర్వాత అవతలి గోడ పొడిగా ఉంది, కొత్త పెయింటు మీద ఒక్క పొక్కు లేదు. కోటింగ్‌కి పదికి తొమ్మిది. ఒకటి ఎందుకు తీశానంటే, ప్యాకెట్ మీద కలిపే పద్ధతి బొమ్మ ఆవగింజంత ఉంది.

టైల్స్ అతికించే గమ్ సంగతి. గోడకి మామూలు సిరామిక్ టైల్స్, నేలకి విట్రిఫైడ్. విట్రిఫైడ్ టైల్ నీళ్ళు పీల్చుకోదు, 0.5 శాతం లోపే, అందుకే పాతకాలపు సిమెంటు పాలతో అతికిస్తే పట్టుకోవడానికి దానికి సందు దొరకదు, కొన్నాళ్ళకి గుల్లగా మోగుతుంది. గమ్ సంచి మీద ఉండే అక్షరాలు మొదట నాకు ఫోను పాస్‌వర్డ్‌లా కనిపించాయి. తీరా చూస్తే తేలికే. యూరప్ ప్రమాణం ఈఎన్ 12004 ప్రకారం సీ1 అంటే మామూలు రకం, చదరపు మిల్లీమీటరుకి 0.5 న్యూటన్ల పట్టు. సీ2 అంటే దానికి రెట్టింపు, 1 న్యూటన్. పక్కన 'టీ' ఉంటే నిలువు గోడ మీద జారదు, 'ఈ' ఉంటే పూశాక టైల్ పెట్టడానికి ఎక్కువ టైమ్ ఇస్తుంది, ఎస్1 ఉంటే కాస్త సాగే గుణం ఉంటుంది. నేను సీ2టీఈ తీసుకున్నాను. మొదటిసారి చేసేవాళ్ళకి ఆ 'ఈ' అక్షరం ప్రాణం కాపాడుతుంది, మేస్త్రీ నాలుగు టైల్స్ పెట్టే టైమ్‌లో మనం ఒకటి పెడతాం మరి.

కలిపాక అయిదు నిమిషాలు వదిలేసి మళ్ళీ కలపాలి. ఆ అయిదు నిమిషాల్లో పొడిలోని పాలిమర్లు నీళ్ళలో కరిగి ఊరుతాయి. ఊరుకోబుద్ధి కాక మొదటి బకెట్ వెంటనే వాడాను, గోడ మీద టైల్ మెల్లగా జారడం మొదలుపెట్టింది, నేను పట్టుకుని నిలబడ్డాను, ఎంతసేపని పట్టుకుంటాను. గమ్ బిగుస్తోందని మధ్యలో నీళ్ళు కలపడం ఇంకో పాపం. అది మెత్తబడినట్టే కనిపిస్తుంది, పట్టు మాత్రం పోయి ఉంటుంది. పూసిన గమ్ మీద వేలు పెట్టి చూడండి, వేలికి అంటితే పెట్టొచ్చు, పైన పొర కట్టి వేలికి అంటకపోతే గీకి పారెయ్యడమే. అంచుకి రంపం పళ్ళలాంటి గాట్లుండే తాపీతో ఒకే వైపు గీతలు గీయాలి, గుండ్రంగా తిప్పకూడదు, గీతలు తిన్నగా ఉంటే టైల్ నొక్కినప్పుడు గాలి బయటికి పోతుంది. నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి అతికించే పద్ధతి చూసే ఉంటారు, ఆ ముద్దల మధ్య ఖాళీలోనే నీళ్ళు చేరతాయి, టైల్ మీద ఏదైనా పడితే పగిలేదీ అక్కడే. తడి గదుల్లో టైల్ వెనక 95 శాతం గమ్ అంటి ఉండాలని అమెరికా టైల్ ప్రమాణాలు చెబుతాయి. అది చూడాలంటే ఒకే దారి, అప్పుడే పెట్టిన టైల్‌ని పీకి వెనక్కి తిప్పి చూడటం. మనసొప్పదు, అయినా పది టైల్స్‌కి ఒకటి పీకి చూశాను. మొదటిదానికి సగమే అంటింది. అక్కణ్ణుంచి టైల్ వెనక కూడా పలచగా ఒక పూత వేస్తూ పోయాను, సమస్య తీరింది. గమ్‌కి పదికి తొమ్మిదిన్నర, అసలు ఇన్నాళ్ళూ సిమెంటుతో ఎందుకు కుస్తీ పట్టారా అనిపించింది.

లెవెల్ క్లిప్పులు, టైల్స్ సందుల్లో బిగించే ఆ పసుపు క్లిప్పు, నీలం చీల ఉండేవి, అందరూ తెగ పొగుడుతారు. గోడకి నిజంగా బాగున్నాయి, టైల్ అంచు ఒకటి ఎత్తుగా ఒకటి పల్లంగా రాకుండా పట్టి ఉంచుతాయి. నేలకి వాడబోయి బోర్లాపడ్డాను. ఇవి చేసే పనే పక్కపక్క టైల్స్‌ని ఒకే మట్టానికి లాగడం, బాత్రూమ్ నేలేమో నాలుగు వైపుల నుంచీ జాలీకి వాలాలి. క్లిప్పు ఒకవైపు లాగుతుంది, వాలు ఇంకోవైపు లాగుతుంది. చివరికి నేల మీద క్లిప్పులు తీసేసి, పెద్ద టైల్స్ బదులు చిన్నవి తెచ్చుకున్నాను. చిన్న టైల్ ఏ వాలుకైనా ఒదుగుతుంది, సందులు ఎక్కువ కాబట్టి కాలు జారడం కూడా తక్కువ. జారుడు రేటింగ్ చూసుకోండి, ఆర్9 నుంచి ఆర్13 దాకా ఉంటుంది, నేను ఆర్11 వేశాను, ఆర్9 జోలికి వెళ్ళొద్దు. గరుకు ఎక్కువయ్యేకొద్దీ మురికి పట్టడమూ ఎక్కువే, అది ఒప్పుకోవాలి. క్లిప్పులకి గోడ మీద ఎనిమిది, నేల మీద సున్నా.

టైల్ కట్టర్ గురించి రెండు ముక్కలు. చేత్తో గీసి విరిచేది తిన్నని కోతకి చాలు, ఒక్క గీతే గియ్యాలి, రెండోసారి గీస్తే అడ్డదిడ్డంగా విరుగుతుంది. కుళాయి కన్నానికి డైమండ్ హోల్ బిట్, డ్రిల్లు సుత్తిలా కొడుతూ తిరిగే హ్యామర్ మోడ్ ఆఫ్ చేసి, మొదట ఏటవాలుగా ఆనించి గాటు పడ్డాక నిలబెట్టి, నీళ్ళు పోస్తూ. హ్యామర్ మోడ్ ఆఫ్ చెయ్యడం మర్చిపోయి రెండు టైల్స్ చీల్చాను. అందుకే పది శాతం ఎక్కువ కొనమంటారు. పెట్టెల మీద బ్యాచ్ నంబరు ఒకటే ఉందో లేదో అక్కడే చూసుకోండి, తర్వాత తెచ్చినవి రంగు తేడా వస్తాయి. మాకు తలుపు వెనక మూడు టైల్స్ అలాంటివే, తలుపు తీసి ఉంచితే కనపడవు, కాబట్టి తీసే ఉంచుతాం.

కమోడ్ దగ్గర ఒక అంకగణితం తప్పింది. గోడ నుంచి పైపు మధ్య వరకు కొలత తీసుకుని దానికి సరిపోయే కమోడ్ తెచ్చాను. కొలిచింది ప్లాస్టరింగ్ గోడ నుంచి. తర్వాత దాని మీద 9 మిల్లీమీటర్ల టైల్, 5 మిల్లీమీటర్ల గమ్ వచ్చి చేరాయి. 14 మిల్లీమీటర్లంటే కాగితం మీద ఏమీ కాదు, కమోడ్ వెనక ట్యాంకు గోడకి ఢీకొట్టినప్పుడు అది చాలా దూరం. పక్కకి జరిపే వంకర కనెక్టర్ ఒకటి దొరకబట్టి సరిపోయింది. కమోడ్ కింద ఆ వంపులో ఎప్పుడూ కొన్ని అంగుళాల నీళ్ళు నిలిచి డ్రైనేజీ వాసన పైకి రాకుండా అడ్డం పడుకుంటాయి చూశారా, 1775లో ఆ వంపున్న కమోడ్‌కి పేటెంట్ తీసుకున్న అలెగ్జాండర్ కమ్మింగ్ గడియారాలు చేసే మనిషి. ఈ గదికీ గడియారానికీ సంబంధం పాతదేనన్నమాట. నేల జాలీ కింద కూడా అలాంటి నీళ్ళే ఉంటాయి, చాలా రోజులు వాడకపోతే అవి ఆవిరై వాసన వస్తుంది, ఒక చెంబు నీళ్ళు పోస్తే పోతుంది. మేము నెలరోజులు ఊళ్ళో లేకుండా తిరిగొచ్చిన రోజు వాటర్‌ప్రూఫింగే పోయిందనుకుని కంగారుపడ్డాను, చివరికి మందు చెంబెడు నీళ్ళు.

ఇక ఎపాక్సీ గ్రౌట్. దీని గురించి రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను.

మామూలు గ్రౌట్ సిమెంటు పొడి, నీళ్ళు కలిపి పూస్తే చాలు. ఎపాక్సీలో మూడు భాగాలు: రెజిన్, హార్డెనర్, రంగు ఇసుక పొడి. నీళ్ళు పీల్చదు, మరక పట్టదు, యాసిడ్‌కి కూడా అంత తేలిగ్గా లొంగదు. అన్నీ నిజమే. చెప్పనిదేంటంటే, కలిపిన క్షణం నుంచి బకెట్‌లో ఒక పోటీ మొదలవుతుంది. రెజిన్, హార్డెనర్ కలిస్తే వేడి పుడుతుంది, ఆ వేడి గట్టిపడటాన్ని ఇంకా తొందరపెడుతుంది, గట్టిపడేకొద్దీ ఇంకా వేడి. ముద్దగా ఉన్నంతసేపూ వేడి బయటికి పోదు, అదే టైల్ మీద పరిచేస్తే చల్లబడి కాస్త టైమ్ ఇస్తుంది. నాకు ఇదేమీ తెలీదు. 5 కిలోల ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలిపి, మూల నుంచి మూలకి ఎంతో శ్రద్ధగా, పెళ్ళికూతురికి గోరింటాకు పెడుతున్నట్టు ఒక్కో సందూ నింపుకుంటూ వచ్చాను. ఇరవై నిమిషాలకి మావాడు బకెట్ పట్టుకుని, "బావా, ఇది టీ గ్లాసులా కాలుతోంది" అన్నాడు. నేను నవ్వాను. ఇంకో పది నిమిషాలకి తాపీ అందులో నిలబడింది. ఇంకో పదికి తాపీతో బకెట్ పైకి లేచింది.

పోయిన సరుకు గురించి కాదు బాధ. సందులు నింపిన చోట టైల్ మీద పలచటి జిగురు పొర ఉంటుంది, దాన్ని గ్రౌట్ మెత్తగా ఉండగానే తడి స్పాంజితో తుడిచెయ్యాలి. మేము బకెట్‌తో కుస్తీ పడుతున్నంతసేపూ ఆ పొర నిశ్శబ్దంగా గట్టిపడింది. పొద్దున్నకి గోడ మీద ఎండిన గంజిలా మరకలు. కంపెనీవాళ్ళే అమ్మే పొర తీసే ద్రవం, ప్లాస్టిక్ గీకుడు బ్లేడు పెట్టుకుని మూడు రోజులు గీకాం. అప్పటికీ షవర్ గోడ మీద అరచేయంత మచ్చ ఏటవాలు వెలుతురులో ఇంకా కనిపిస్తుంది. యాసిడ్ పోస్తే పోతుందని సలహా ఇచ్చినవాళ్ళున్నారు, వినకండి. ఎపాక్సీ పోదు, పక్కన ఎక్కడైనా సిమెంటు గ్రౌట్ ఉంటే అది పోతుంది, కుళాయిల మెరుపు పోతుంది.

రెండో విడత మనుషుల్లా చేశాం. కిలో ప్యాకెట్లు తెచ్చుకున్నాం. పెద్ద ప్యాకెట్‌ని మనమే సగం సగం చేసుకోవచ్చు కదా అనిపిస్తుంది, కానీ రెజిన్‌కీ హార్డెనర్‌కీ నిష్పత్తి చెంచాడు తేడా వచ్చినా ఎప్పటికీ జిగటగానే ఉండిపోతుంది, అందుకే చిన్న ప్యాకెట్ మేలు. కలిపిన వెంటనే బకెట్‌లో ఉంచకుండా మొత్తం టైల్స్ మీద పోసి పరిచేశాం. నేను నింపుతుంటే పదిహేను నిమిషాలు వెనకగా మావాడు తుడుస్తూ వచ్చాడు, పక్కన మూడు బకెట్ల నీళ్ళు, స్పాంజి ఒకదాని తర్వాత ఒకదాంట్లో ముంచుతూ. ఫోనులో అలారం. ఒక ప్యాకెట్ అయ్యి, తుడవడం అయ్యి, టార్చి వేసి చూసుకున్నాకే ఇంకోటి విప్పాం. ఒంటరిగా మాత్రం ఎపాక్సీ జోలికి వెళ్ళకండి, ఇది ఇద్దరు మనుషుల పని. నైట్రైల్ చేతి తొడుగులు లేకుండా అస్సలు ముట్టుకోవద్దు. గట్టిపడని ఎపాక్సీ చర్మానికి ఎలర్జీ తెప్పిస్తుంది, ఒకసారి వచ్చిందంటే తర్వాత కొంచెం తగిలినా మళ్ళీ దద్దుర్లే, జన్మంతా ఉండిపోవచ్చు. మావాడికి మణికట్టు మీద తొడుగు జారిన చోట నాలుగు రోజులు ఎర్రగా ఉంది, అదృష్టం బాగుండి అక్కడితో ఆగింది.

ఏడాది తర్వాత? షవర్ కింద, నేల మీద ఎపాక్సీ సందులు పెట్టిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఒక్క నల్ల చుక్క లేదు. ఓపిక అయిపోయి వాష్‌బేసిన్ గోడకి సిమెంటు గ్రౌట్ వేసేశాం, అది బూడిద రంగు నుంచి మురికి రంగుకి వచ్చేసింది, బ్రష్షు వేస్తే కాస్త తెల్లబడుతుంది, వారానికి మళ్ళీ అంతే. అలాగని మళ్ళీ చేస్తే అంతా ఎపాక్సీ వేస్తానా? వెయ్యను. నీళ్ళు రోజూ పడే నేల, షవర్ గోడ వరకు వేస్తాను, మిగతా చోట ఆ యాతన అక్కర్లేదు. సరుకుగా పదికి తొమ్మిది, మొదటిసారి వాడేవాళ్ళకి నాలుగు. ఈ రెండు మార్కులూ కలిపి ఆరున్నర అని సగటు తియ్యకండి, ఇందులో సగటు ఉండదు.

సిలికాన్ గురించి తక్కువలో చెప్తాను. గోడా గోడా కలిసే మూలలో, నేలా గోడా కలిసే చోట గ్రౌట్ పెట్టకూడదు, అక్కడ కదలిక ఉంటుంది కాబట్టి గ్రౌట్ చీలుతుంది, సిలికాన్ సాగుతుంది. వెనిగర్ వాసన వచ్చే రకం పాలరాయికి మరక చేస్తుంది, కొన్ని లోహాలని తింటుంది, న్యూట్రల్ రకం తీసుకుంటే ఆ బెడద లేదు. రెండు వైపులా పేపరు టేపు అంటించి, ఒక్క ఊపున పిండి, ఒక్కసారి వేలితో లాగి, వెంటనే టేపు పీకెయ్యాలి. పది నిమిషాలు ఆగి పీకితే పైన కట్టిన పొర కూడా టేపుతో లేచొస్తుంది, నేను ఆగాను, లేచొచ్చింది. ఎనిమిది నెలలకి ఒక మూల నల్ల చుక్కలు కనిపించాయి. సరుకుని తిడదామనుకున్నాను కానీ తప్పు గాలిది, స్నానం అవ్వగానే ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేసే అలవాటు మాది. ఇప్పుడు అరగంట తిరగనిస్తున్నాం, కొత్త చుక్కలు రాలేదు. ఎనిమిది.

మొత్తం ఆరు రోజుల్లో అయిపోతుందని ఇంట్లో మాటిచ్చాను. ఇరవై మూడు రోజులు పట్టింది. అందులో చేతులు కదిలించి పని చేసినవి పదకొండో పన్నెండో, మిగతావన్నీ ఏదో ఒకటి ఆరాలని కూర్చున్న రోజులు, లేదా కూర్చోనందుకు మళ్ళీ చేసిన రోజులు. ఇంట్లో ఇంకో బాత్రూమ్ లేకపోతే మాత్రం దీని జోలికి వెళ్ళొద్దు, ఆ టెన్షన్‌లో ఎవరూ ఏదీ ఆరనివ్వరు.

వాలు ఒక్క చోట తప్పిందన్నాను కదా. జాలీకి మూడో టైల్, కుడి పక్క. నేల మీద క్లిప్పులు తీసేసే ముందు పెట్టిన ఆఖరి టైల్ అది, రవ్వంత పైకి లేచి ఉంది, దాని వెనక స్నానం తర్వాత బొట్టుబిళ్ళంత నీళ్ళు నిలుస్తాయి. పీకి మళ్ళీ పెట్టాలంటే చుట్టూ ఎపాక్సీ తవ్వాలి, కింద కోటింగ్‌కి దెబ్బ తగలకుండా. మావాడు వచ్చినప్పుడల్లా దాని మీద కాలు పెట్టి, "బావా, ఈ ఆదివారం పీకేద్దామా" అంటాడు. నేను బొటనవేలితో ఆ నీళ్ళని జాలీలోకి తోసేసి బయటికి వస్తాను.